ఔట్‌పాస్ రిజిస్టర్ గారికి, రెండో అంతస్తు నుంచి

మహారాజశ్రీ ఔట్‌పాస్ రిజిస్టర్ గారికి,

హాస్టల్ రెండో అంతస్తు, బాత్రూం పక్క రూముల ఉండే పిల్ల దండం పెట్టి రాసేదేమంటే, ఇక్కడ మేమంత క్షేమం. తమరు గూడ ఆఫీస్ రూం టేబుల్ మీద, ఊడిన అట్టతోని, దారంతోని కట్టేసిన పెన్నుతోని సల్లగనే ఉన్నరని మొన్న శనివారం మూడున్నర గంటలు తమరి ముందట కూసున్నంక నాకు సమజైంది.

ఒంటిగంటకు కూసున్న, నాలుగున్నరకు లేచిన. కురుమూర్తి జాతర, ఉద్దాల దినం, అంటే స్వామి చెప్పులు వచ్చే దినం. మా ఊరు దేవరకద్ర దాటినంక ఉంటది, నాకు బుద్ధి తెలిసినకాడికెళ్లి ఉద్దాలకు పోని ఏడు లేదు. వడ్డెమాన్‌ల తయారైన స్వామి ఉద్దాలు వస్తుంటే మా నాయిన నన్ను భుజాల మీద కూసోబెట్టుకొని చూపెట్టేటోడు, ఇప్పుడు తమ్మునికి ఆ సీటు ఇచ్చిండు, అది వేరే పంచాయితి. బ్యాగు సదురుకొని, తలకు నూనె పెట్టుకొని, అందరికంటె ముందుగాల వచ్చి తమరి "కారణం" గడిల "జాతర" అని ముత్యాల్లెక్క రాసిన. వార్డెన్ మేడం చూసి, జాతర కారణం కాదమ్మా, సరిగ్గ రాయి అన్నది.

సరిగ్గ అంటే నిజం రాయాలేమో అనుకున్న. నాదే తప్పు. కొట్టేసి "ఇంటికి పోవాలనిపిస్తుంది" అని రాసిన. అది తమరి గడిల పట్టలే. "ఇంటికి పోవా" దాక గడిల, మిగిలింది పక్కన "పోయిన టైం" గడిలకు పోయింది. మేడం నవ్వింది. అనిపించిందల్లా రాస్తే ఎట్లమ్మా అని, మా నాయినకు ఫోన్ కొట్టింది. ఆయన జాతరల ఉన్నడు, డప్పుల సప్పుడు, ఎట్ల ఎత్తుతడు. మూడుసార్లు కొట్టి, పేరెంట్ ఎత్తుతలేడు, కూసో అని చెప్పి మీటింగ్‌కు పోయింది. అమ్మ నంబర్‌కు చేయండి మేడం అంటే అది తమరిల ఎక్కించలేదట. నన్ను కన్నామె నంబర్.

అయ్యా, "పోయే ఊరు" గడి చూస్తే మహబూబ్‌నగర్ జిల్లాల ఊర్లన్ని పడతయి. "సంతకం" గడిల ఒక మనిషి కాళ్లు సాపుకొని పండుకోవచ్చు. కారణం గడి మాత్రం నా రెండు ఏళ్లంత. ఎవరు గీసిండ్రో, స్కేలు పెట్టి మరీ గీసిండ్రు. ఆ గడిల ఏ మాటలు పడతయో చూద్దామని కూసున్నకాడ తమరిని ఎనక్కి తిప్పిన, ఏమనుకోవద్దు, టైంపాస్‌కు ఇంకేం లేకుండె. జ్వరం. జ్వరం. అక్క పెండ్లి. జ్వరం. పన్ను నొప్పి. అవ్వకు బాగలేదు. జ్వరం. మూడో రూం అక్క వాళ్ల అక్కకు రెండేండ్లల్ల మూడుసార్లు పెండ్లయింది, మూడుసార్లు సంతకం పడింది, ఎవ్వరు మొగడెవరని గూడ అడగలే. ఒకామె ప్రతిసారి "పని" అని మాత్రమే రాసింది. అన్నిటికి సంతకం ఉంది. పని అంటే పంపిస్తవు. అమ్మ అంటే పంపియ్యవు. అన్ని పేజీలు తిప్పిన, రంది అన్న ముక్క యాడ దొరకలే. గింతమంది పిల్లలు ఉండే బిల్డింగ్‌ల ఒక్కదానికి గూడ ఇంటి మీద రంది పుట్టలేదంట నీ లెక్క ప్రకారం, అందరికి జ్వరాలేనంట.

(మెస్సుల పప్పుచారు గురించి నేనేం అంటలేను, దాంట్ల పప్పు మీద ఇంకో లేఖ ఉంది. "అలవాటైతది తీ" అనే సీనియర్లకు గూడ ఇప్పుడేం చెప్పను, వాళ్ల జ్వరాలు గూడ నేను సదివిన.)

నాలుగు గంటలకు తమ్ముడు స్టేటస్ పెట్టిండు. ఫోన్ నిలకడగ పట్టుకోడు వాడు, ఒక మబ్బు, ఒక చెయ్యి, ఎవరిదో తల, సీకుల దుకాణం పొగ. ఆ పొగను ఏడుసార్లు చూసిన. పక్క రూముల పిల్ల వాళ్ల అమ్మతోని స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది, తిన్నవా అంటే తిన్న, ఏం కూర అంటే ఆలుగడ్డ, దానికే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, ఆలుగడ్డకు.

ఇంకోటి గూడ ఇయ్యాల చెప్పే పోత. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ. ఆధార్ కార్డు చూపెడితే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తడు, ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా అని అడగడు. సర్కారే అడగంది నువ్వు అడుగుతవు. ఇంతకుముందు పైసల్ లేక పోలేకపోయిన అనేటోళ్లు, ఇప్పుడు టికెట్ సున్న, దూరం గంటన్నర, మధ్యల నువ్వు ఒక్కదానివే అడ్డం పడ్డవు.

ఫస్టియర్ల మమ్మల్ని పిల్లలమర్రికి తీస్కపోయిండ్రు, దానికి నీ కారణం గడి అవసరం పడలే. ఏడొందల ఏండ్ల చెట్టు. చెదలు పట్టి కొమ్మ ఇరిగితే 2018ల సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు, రాష్ట్రమంత పేపర్లల్ల వచ్చింది. మంచిదే, బతకాలె, నేనొద్దంటలేను. కాని నేలల ఊడలు దిగిన చెట్టుకే అంత చూసుకుంటే, ఊరికెళ్లి పీక్కొచ్చి రెండో అంతస్తుల పెట్టిన పిల్లకు ఒక్క శనివారం ఎక్కిస్తే ఏం పోతుండె నీది? థూ, నీ గడి పాడుగాను.

నాలుగున్నరకు మేడం వచ్చింది. ఇంత పొద్దుపోయినంక ఆడపిల్లను ఎట్ల పంపుత అన్నది. పొద్దుపోగొట్టిందెవరు అని నోటిదాక వచ్చింది, మింగిన. సక్కగ పోయి తలకు పెట్టిన నూనె కడుక్కున్న.

ఒక్కమాట నిజం చెప్పాలె. పోయినేడు ఊరికెళ్లి వస్తుంటే బస్సు ఖరాబై తొవ్వల ఆగితే, నీ "వచ్చిన టైం" గడి ఖాళీగ ఉందని చూసి ఫోన్ చేసింది గీ మేడమే. చార్జింగ్ రెండు శాతం ఉండె. ఆ ఫోన్ రాకుంటే నేను ఏడ్చేదాన్ని. అందుకని నిన్ను చింపలే. చింపుదామనే చెయ్యి పెట్టిన.

రాత్రి అవ్వతోని మాట్లాడిన. అంత చెప్పిన. మా తాత, కూలోళ్లను పనికి తోల్కపోయే గుంపు మేస్త్రి కాడ అడ్వాన్సు తీసుకొని బొంబాయిల మట్టిపనికి పోయేటోడు, ఆమెకు ఎదురుచూసుడు కొత్తగాదు. "గుంపు మేస్త్రి గూడ జాతరకు ఇడ్సిపెట్టేటోడు గదనే" అన్నది. తరువాత మెల్లగ అడిగింది, ఆ బుక్కుల నా పేరు రాసినవా ఎప్పుడన్న అని. సిగ్గుతోని ఒప్పుకున్న, ఫస్టియర్ల ఒకసారి అవ్వకు సీరియస్ అని రాసిన అని. తిడతదేమో అనుకున్న. కొద్దిసేపు ఏం మాట్లాడలే.

"రాసుకో బిడ్డా, నాకేం పాయె," అన్నది. "సచ్చిందని మాత్రం రాయకు, ఒక్కసారికే అయిపోతది. మోకాళ్ల నొప్పులని రాయి. ఎన్నిసార్లైన నడుస్తది."

వచ్చే శనివారం ఒంటిగంటకు వస్త. పెన్నుల ఇంకు ఉండేటట్టు చూడు.

ఇట్లు,
రూం నంబర్ 14