హైబ్రిడ్ మిరప విత్తన ప్యాకెట్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ప్యాకెట్ గారికి,

తమరి ముఖం మీద నిగనిగలాడే ఆ ఎర్రటి కాయలు చూసే కొన్నాం. 10 గ్రాములకే వందల రూపాయలు పోశాం. నారుమడిలో సగానికి పైగా మొలవలేదు. నిన్న వ్యవసాయ ఆఫీసుకు వెళ్తే "బిల్లేది?" అన్నారు. షాపువాడు ఇచ్చిన తెల్ల చీటీ చూపిస్తే చెల్లదన్నారు. షాపుకు వెళ్తే మా నీళ్లలో ఉప్పుందట. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు. మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది.

మొలక సంగతి పోనివ్వండి. ప్రభుత్వ లెక్కలో మిరప విత్తనానికి నూటికి 60 మొలిస్తే చాలు, పాస్. మా అబ్బాయి అంతకన్నా ఎక్కువే తెచ్చుకుని ఇంట్లో తిట్లు తిన్నాడు. తమరి వీపు మీద చీమతలకాయంత ఇంగ్లిష్ అక్షరాల సంగతీ పోనివ్వండి.

పోనివ్వలేనిది ఒకటే. తమరి కాయలోంచి గింజ తీసి దాచుకుంటే మరుసటేడు ఒక చెట్టు పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని కాయ వంకర. కాబట్టి ఏటేటా తమరి గుమ్మం ముందే క్యూ.

మా మేనత్త చపాట మిరప వేసేది. తోటంతా తిరిగి, చుట్టూ ఆకుముడత తెగులు వచ్చినా తనకు రాని చెట్టుకు పాత చీర పీలిక కట్టేది. ఆ చెట్టు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. కాయ చెట్టునే పండాలి, నీడన ఆరాలి, గింజ బూడిదలో కలిసి కుండలోకి పోవాలి. వరంగల్ చపాటకు 2025లో జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. మా అత్త కట్టిన ట్యాగ్ అంతకన్నా పాతది.

ఎవరడిగినా దోసెడు ఇచ్చేది. పంట చేతికొచ్చాక రెండు దోసిళ్లు తిరిగివ్వాలి, అంతే. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కొర్ర, సామ, జొన్న విత్తనాన్ని చేతులు మారుస్తూనే బతికించుకున్నారు. పాత పంటల జాతర పేరుతో బండ్లెక్కించి ఊరూరా తిప్పుతారు కూడా.

అత్త ఇచ్చిన గింజ మొలవకపోతే? పొద్దుగూకేలోగా ఆమే మడి దగ్గరికొచ్చి మట్టి గెలికి చూసేది, ఇంకో దోసెడు పోసేది. ఆ గింజకు బిల్లు లేదు, అడగడానికి మనిషి ఉంది. నీకు లాట్ నంబరుంది, బార్‌కోడుంది. మనిషేదీ? ఎవర్ని అడగాలి నేను? నీ మీదున్న బొమ్మనా?

కాసిన ఏడు బాగానే కాశావు, కాదనను. ఇల్లు నీ డబ్బుతోనే లేచింది. కానీ 2021లో నల్ల తామర పురుగు పడి ఖమ్మం, గుంటూరు తోటలు మాడిపోతుంటే, నీ ముఖాన కాయలు మాత్రం ఎప్పటిలా నిగనిగలాడాయి. సిగ్గుండాలి.

మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల 2001 చట్టం ప్రకారం నా పంట గింజను నేను దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. దాని మీద నీలాంటి బ్రాండ్ పేరు వెయ్యకూడదు, అంతే. వేసే ఉద్దేశం నాకు లేదులే.

అత్త పోయింది, కుండ ఖాళీ. ఆమె దగ్గర పట్టుకెళ్లిన గింజ పక్క ఊళ్లో ఒకాయన ఇంకా వేస్తున్నాడట. రేపు పొద్దున్నే వెళ్తున్నా. రెండు దోసిళ్ల బాకీకి ఒప్పుకుని తెచ్చుకుంటా.

ఇట్లు,
వరంగల్ వైపు మిరప రైతు