అంగడి మనది, బోర్డు ఎవరిది?

మా బంధువులబ్బాయి ఒకడు, బీటెక్ చేసి రెండేళ్లు బెంగళూరులో ఉద్యోగం వెలగబెట్టి వచ్చినవాడు, అనంతపురంలో కాఫీ షాపు పెడతానని ఈ మధ్య సలహాకు వచ్చాడు. "ఫ్రాంచైజీ కంపెనీకి ఎనిమిది లక్షలు కడితే చాలంట మామా, వాళ్ల పేరు వాడుకోవచ్చంట, మిషన్, బోర్డు, కుర్చీలు, యూనిఫాం, పొడి అన్నీ వాళ్లే పంపిస్తారంట" అన్నాడు. గిరాకీ కూడా పార్సిల్లో వస్తుందా అని అడిగితే వాడికి కోపం వచ్చింది.

కోపం వచ్చినా నా ప్రశ్న అదే. కర్నూలు, కడప, అనంతపురం, ఏ ఊరి మెయిన్ రోడ్డు చూసినా అవే రంగుల బోర్డులు, అవే కప్పులు, ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పుట్టిన పేర్లు. ఏడాది తిరిగేసరికి అందులో ఎన్నింటికి 'టు లెట్' బోర్డు పడుతుందో మీరూ చూస్తూనే ఉన్నారు. చిన్న ఊళ్లో కాఫీ అంగడి పెట్టేవాడు పేరును అద్దెకు తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే వాడు ఓనరు అవ్వడు, ఎదురు డబ్బు కట్టి చేరిన జీతగాడు అవుతాడు.

లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. కప్పు 20 రూపాయలు. అందులో పొడి, పాలు, చక్కెర, గ్యాస్ కలిపి 13 పోతే మిగిలేది 7. రోజుకు 250 కప్పులు అమ్మితే (అమ్మితే!) నెలకు 52,500. గది అద్దె 15,000, పనివాడికి 12,000, కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చులకు 4,000 తీసేయండి. 21,500 ఉంటుంది. ఇప్పుడు ఆ ఎనిమిది లక్షలు ఎక్కడివి? మన దగ్గర ఇలాంటి డబ్బు ఎక్కువగా నూటికి రెండు రూపాయల వడ్డీకే పుడుతుంది. అంటే నెలకు 16,000. మిగిలిన 5,500లోంచి, పేరు వాడుకున్నందుకు అమ్మకం మీద ఐదు శాతం రాయల్టీ కట్టాలంటే 7,500 కావాలి. పొద్దున ఐదింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించినవాడు నెలాఖరుకు రెండు వేలు చేతి నుంచి వేసుకోవాలన్నమాట. రాయల్టీ అసలు లేదని చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లు పొడి రేటులో లాగుతారు. అదే గది, అదే గిరాకీతో, రెండున్నర లక్షల్లో సొంతంగా సర్దుకున్నవాడు అదే వడ్డీ 5,000 కట్టినా 16,500 ఇంటికి తీసుకెళ్తాడు. గొప్ప సంపాదనేం కాదు, కానీ రెండు బిస్కెట్ సీసాలు పెట్టుకుని, పొద్దునపూట ఉగ్గాని బజ్జి మొదలుపెడితే పెరిగే సంపాదన. ఫ్రాంచైజీ అంగట్లో ఉగ్గాని పెట్టనిస్తారా? మెనూ కూడా వాళ్లదే కదా.

అసలు మనవాళ్లకు కాఫీ కొత్తదా? బెంగళూరు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది, 'వన్ బై టూ' అనే మాట అక్కడా ఇక్కడా ఒక్కటే. ఫిల్టర్ పై గిన్నెలో పొడిని ఎంత అదమాలో మా అవ్వలకు తెలుసు. గట్టిగా అదిమితే చుక్క దిగదు, వదులుగా వేస్తే నీళ్లు దిగుతాయి. పొద్దున దించిన డికాక్షన్ సాయంత్రానికి వాసన చచ్చిపోతుంది, దాన్ని స్టవ్ మీద పెట్టి మరిగించారంటే చేదే. ఇంత తెలిసిన నాలుకలు బోర్డు చూసి ఒకసారి వస్తాయేమో గానీ రెండోసారి రావాలంటే కప్పులో ఏదో ఉండాలి. ఆ ఏదో అనేది పొడి మిశ్రమంతో మొదలవుతుంది. కాఫీ పొడికి చికోరీ వేరు పొడి 80:20 వేస్తారా, 70:30 వేస్తారా అన్నది చిన్న విషయం కాదు. చికోరీ చిక్కదనం, రంగు ఇస్తుంది, అందులో కెఫీన్ ఉండదు. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని చట్టమే చెబుతోంది, ఆ పైన అంతా అంగడివాడి చేతి విద్య. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ ధర పౌండుకు (అర కిలోకు కాస్త తక్కువ) 4 డాలర్లు దాటింది, బ్రెజిల్ కరువు మన కప్పు దాకా వచ్చింది. అలాంటప్పుడు సొంత అంగడివాడు అరబికా కొంచెం తగ్గించి చవక రకమైన రోబస్టా కలుపుతాడు, కాదంటే పాత గిరాకీకి ఉన్నమాట చెప్పి రెండు రూపాయలు పెంచుతాడు. బోర్డు అద్దెకు తెచ్చుకున్నవాడు మాత్రం కంపెనీ నుంచి వాట్సాప్ మెసేజ్ కోసం చూస్తూ కూర్చుంటాడు.

అవతలి పక్షానికీ ఒక మాట ఉంది. కొత్తవాడికి పని నేర్పుతారు, సరుకు టైముకు వస్తుంది, పెళ్లి సంబంధాల్లో 'కాఫీ అంగడి' అంటే ముఖం ముడుచుకునేవాళ్లు 'ఫ్రాంచైజీ' అంటే ఇంకొంచెం సేపు కూర్చుంటారు. సరే. కానీ పని నేర్చుకోవాలంటే నాలుగు నెలలు మంచి హోటల్లో గ్లాసులు కడిగితే సరిపోతుంది, పైగా వాళ్లే జీతం ఇస్తారు. అప్పు కావాలంటే ముద్ర పథకం 2015 నుంచి ఉంది, అందులో కిశోర్ అనే విభాగం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి. బ్యాంకు మేనేజరు ఇస్తాడా అన్నది వేరే కథ.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఇది కాఫీతో ఆగే జబ్బు కాదు. వేరుశనగ కాయ మన చేనిది, నూనె ప్యాకెట్ మీద పేరు ఇంకెవరిదో. పిల్లల ఫీజులు హైదరాబాద్‌కు, జబ్బు చేస్తే డబ్బు బెంగళూరుకు, చదువుకున్న పిల్లలు కూడా అటే. సీమకు నీళ్లు రావడం లేదని యాభై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం, మంచిదే, మాట్లాడాలి కూడా. రూపాయి ఎటు పారిపోతోందో మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇరవై రూపాయల కాఫీలో కూడా వాటా ఊరు దాటిపోవాలా? పేరు సొంతంగా పెంచుకోవడం మన రాష్ట్రానికి చేతకానిదేం కాదు. అరకు గిరిజన రైతులు పండించిన కాఫీ 2017లో పారిస్‌లో సొంత పేరుతోనే అంగడి తెరిచింది, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతం పంటకే చెల్లుతుందన్న హక్కు) వచ్చింది. కొండ మీద పండినది పారిస్‌లో తన పేరుతో అమ్ముడుపోతుంటే, మనం అనంతపురంలో అనంతపురం వాళ్లకు కాఫీ పోయడానికి పక్క ఊరి పేరు అద్దెకు తెస్తున్నాం.

పోయిన ఆదివారం ఆ పిల్లోడు మళ్లీ వచ్చాడు. పొడి అంగట్లో మూడు రకాలు పావు కిలో చొప్పున ఆడించుకొచ్చి, మా వంటింట్లోనే డికాక్షన్ దించాడు. 60:40 మందులా ఉంది. 70:30 పర్వాలేదు. 80:20 మా ఆవిడ రెండోసారి పోయించుకుంది. ఎనిమిది లక్షల మాట మాత్రం వాడు ఎత్తలేదు, నేనూ అడగలేదు.