గిడుగు వారి చెవులు పోయింది శని వల్ల కాదు

ఆగస్టు వచ్చిందంటే మా పర్లాకిమిడి బంధువుల గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఐదుగురు పంపారు. గిడుగు రామమూర్తి పంతులు గారి వ్యక్తిత్వాన్ని నాలుగు జ్యోతిష సంప్రదాయాల్లో చూపిస్తుందట. 1863 ఆగస్టు 29న పుట్టారు కాబట్టి పాశ్చాత్యుల లెక్కలో కన్య, మన లెక్కలో సూర్యుడు సింహంలో, చైనా వాళ్లకి పంది సంవత్సరం, సంఖ్యాశాస్త్రంలో 2. ఆయన పట్టుదల, దానగుణం, చెవుడు, చివరికి ఊరు విడిచిపోవడం కూడా పుట్టిన వేళలోనే రాసి ఉన్నాయట. కింద "పది మందికి పంపండి" అని ఒకటి.

చైనా పంది దానగుణం ఇస్తుందంటారు. ఆ ఏడాది పుట్టినవాళ్లు ఎన్ని లక్షల మంది? అందరూ సొంత డబ్బుతో సవర గిరిజనుల పిల్లలకు బడులు పెట్టారా? ఇక 29లో 2, 9 కలిపి 11, మళ్లీ కలిపితే 2 అట. 29 ఇంగ్లీషు తేదీ. అదే రోజుని తిథితో చెబితే అంకె వేరే. మనిషి మాత్రం ఒక్కడే కదా.

కన్య, సింహం సంగతికొస్తే ఆకాశంలో సూర్యుడు ఒక్కడే. వాళ్లు రాశుల్ని విషువత్తు నుంచి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సూర్యుడుండే చోటు నుంచి లెక్కపెడతారు, మనవాళ్లు నక్షత్రాల నుంచి. ఆ రెండింటికీ అప్పట్లో సుమారు 22 డిగ్రీల తేడా, ఇప్పుడది 24. మెసేజ్ మాత్రం కన్య వల్ల ఓపిక, సింహం వల్ల పండితుల మీద గర్జన అని రెండూ పంతులు గారికే అంటగట్టింది. సవర మాటలు ఏరింది ఏ రాశీ కాదు. సవర కుర్రాళ్లని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, వాళ్ల నోట ఒక్కో మాటా విని రాసుకున్నారాయన. 1931లో ఆ భాష వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అదంతా ఒక జీవితకాలం చాకిరీ.

1936లో "దశ మారి" ఊరు విడిచారట! ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. అది ఒప్పుకోలేక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ రోజు మా తాతల చుట్టాలు సగం అటు, సగం ఇటు అయిపోయారు. వాళ్లందరికీ ఒకేసారి దశ మారిందంటారా?

వీటన్నిటినీ చదివి ఊరుకుందును. చెవుల దగ్గర ఊరుకోలేకపోయాను. "శని దృష్టి వల్ల కర్ణదోషం, పూర్వజన్మ కర్మ" అని రాశారు. ఆయన సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి క్వినైన్ మింగారు, ఆ మందు వల్ల వినికిడి పోయింది. ఇంత తెలిసిన సంగతిని తీసి కర్మ పెడతారా? మా నాయనమ్మా కొండజ్వరానికి క్వినైన్ మింగిన మనిషే. మందేసుకున్న రోజు చెవిలో కీచురాయి దూరినట్టుండేదని, పిలిస్తే పలికేది కాదని చెప్పేది. ఆవిడ జాతకం ఎవరూ రాయనేలేదు.

దీని మీద నాకింత కోపం ఎందుకంటే, మా పిన్ని మనవరాలికి మూడేళ్లు వచ్చినా మాట రాలేదు. వెనక నుంచి గిన్నె పడేసినా తిరిగి చూసేది కాదు. ఎవరో పెద్దాయన జాతకం చూసి శని చూపు ఉందన్నాడు. నల్లనువ్వులు, నూనె, శనివారం శనివారం పూజలు. రెండేళ్లు అలా గడిచిపోయాయి. ఐదో ఏట శ్రీకాకుళం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ సరిగా వినపడవని తేలింది. మాట నేర్చే వయసులోనే మెషిన్ పెట్టి ఉంటే బాగుండేదని డాక్టరు చెబుతుంటే మా పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఇప్పుడా పిల్ల మెషిన్ పెట్టుకుంటుంది, "అమ్మ" అంటుంది, "అత్త" అనడానికి ఇంకా తంటాలు పడుతుంది. ఆ రెండేళ్లు ఎవరు తెచ్చిస్తారు?

ఒకటి ఒప్పుకుంటాను. మెసేజ్‌లో ఆయన పుట్టిన తెలుగు సంవత్సరం పేరు రుధిరోద్గారి అని రాశారు. తప్పు దొరుకుతుందని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లాను, సరిగ్గానే ఉంది. పంచాంగం లెక్క మీద నాకు చాలా గౌరవం. మేం ఒడియా బడిలో పాఠంగా చదువుకున్న ఖగోళ పండితుడు పఠాణి సామంత వెదురుతో, కర్రతో సాధనాలు చేసుకుని గ్రహాల్ని కొలిచినాయన. అది విద్య. ఇంకోటి, పంతులు గారు మొండివారు, దాత అన్న మాటా నిజమే. సవర పుస్తకాలు రాసినందుకు మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే వద్దని, దాంతో సవరలకు బడి పెట్టించమన్నారు. ఆ గుణం ఆయన సంపాదించుకున్నది. గ్రహాల ఖాతాలో వేస్తే ఆయనకి ఏం మిగులుతుంది?

నాకు పంపిన ఐదుగురిలో మా బాబాయి ఒకడు, ఆ పిల్ల తాతయ్య. రాత్రి ఫోన్ చేశాను. మెసేజ్‌లో చెవుల గురించి రాసిన పాయింటు గట్టిగా చదవమన్నాను. సగం చదివి ఆగిపోయాడు. కాసేపటికి గ్రూపులో చూస్తే ఆ మెసేజ్ తీసేసి ఉంది.