ముందు పన్ను విరిగితే మొత్తం అరగదీయాల్సిందేనా?

విరిగిన పళ్ళనూ రంగు మారిన పళ్ళనూ చక్కదిద్దే చికిత్సల గురించి ఒక హెచ్చరిక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. అందులోని మాటలు ఇవి: అందం పేరుతో మంచి పన్నును మేకులా అరగదీస్తారు; పంటి రంగులో పెట్టేది జిగురుముద్ద కనుక రెండేళ్ళకే ఊడిపోతుంది, పాత వెండి ఫిల్లింగే పంటికి మేలు; క్యాప్ (పన్నంతటినీ కప్పే తొడుగు) వేయాలంటే రూట్ కెనాల్ (పంటి లోపలి నరాన్ని తీసేసే చికిత్స) తప్పదు; పింగాణీ వేశాక ఇక పుచ్చు భయం ఉండదు. వీటిలో మొదటిదానిలో కొంత నిజం ఉంది కాబట్టే మిగిలినవి కూడా చెల్లుబాటు అవుతున్నాయి.

పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ ఒకసారి పోతే మళ్ళీ పెరగదన్న భయం న్యాయమైనదే, ఎందుకంటే దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. అయితే ఎంత పోతుందన్నది చికిత్సను బట్టి మారుతుంది. మూల విరిగిన ముందు పన్నును కాంపోజిట్‌తో, అంటే సందేశం జిగురుముద్ద అంటున్న పంటి రంగు రెసిన్ పదార్థంతో, కట్టేటప్పుడు విరిగిన అంచును కాస్త ఏటవాలు చేయడమే తప్ప పెద్దగా తీసేదేమీ ఉండదు. విరిగిన ముక్కను పారేయకుండా నీటిలోనో పాలలోనో ఉంచి తెస్తే, చాలా సందర్భాల్లో దాన్నే తిరిగి అతికించవచ్చు. పంటి ముందుభాగంపై అతికించే పల్చటి పెంకు అయిన వెనీర్‌కు సాధారణంగా ముందువైపు 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మేర తీస్తారు. క్యాప్‌కు మాత్రం చుట్టూ తీయాలి. ముందు పళ్ళపై 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, చిగురుపైన ఉండే పంటి బరువులో వెనీర్లకు 3 నుంచి 30 శాతం, పూర్తి క్యాప్‌లకు 63 నుంచి 72 శాతం పోతుందని తేలింది. సందేశంతోపాటు తిరిగే ఫొటోల్లో మేకుల్లా సన్నబడ్డ పళ్ళ కింద వెనీర్లు అని రాసి ఉంటుంది, కానీ అలా చుట్టూ చెక్కేది క్యాప్ కోసమే. ఏ లోపమూ లేని పళ్ళను మెరుపు కోసం అలా చెక్కడాన్ని నేనూ సమర్థించను. ఆ తప్పును విరిగిన పన్నును బాగుచేసే పనికి అంటగట్టడమే అభ్యంతరకరం.

జిగురుముద్ద అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, అక్కడ జరిగేది వేరు. ఎనామెల్‌పై ఫాస్ఫారిక్ ఆమ్లం రాస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని మైకేల్ బ్యునోకోర్ 1955లో చూపించారు. ఇప్పుడు సుమారు 37 శాతం గాఢత గల ఆమ్లపు జెల్‌ను పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఉంచి, కడిగి ఆరబెడితే, నిగనిగలాడే పన్ను అంతమేరా సుద్దలా తెల్లబడుతుంది. ఆమ్లం చేసిన, కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాల్లోకి బాండింగ్ ద్రవం దిగి, నీలికాంతి తగలగానే గట్టిపడి, వేళ్ళూనినట్టు నిలుస్తుంది. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది కనుకనే సాధారణంగా ఒకేసారి నింపకుండా రెండు మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెడతారు. రంగును మాత్రం వీటన్నిటికంటే ముందే ఎంచుకోవాలి, ఎందుకంటే ఆరిన పన్ను అసలు రంగుకంటే తెల్లగా కనిపిస్తుంది; ఈ ఒక్క తొందరపాటువల్ల పక్క పళ్ళతో కలవని ఫిల్లింగులు ఎన్నో. పని మధ్యలో లాలాజలం తగిలితే పట్టు చెడుతుంది, టీ, కాఫీ, పొగాకుల వల్ల మరకలు పడతాయి, పెన్ను కొరికే అలవాటు ఉంటే అంచు చిట్లుతుంది. ఇవన్నీ నిజమే, అయినా సరిగా చేసినవి పదేళ్ళు దాటి నిలవడం అరుదేమీ కాదు, చిట్లినచోట కొత్త పొర వేసుకోవచ్చు కూడా.

వెండి ఫిల్లింగ్ దవడ పళ్ళలో ఏళ్ళ తరబడి మన్నిందన్నది కాదనలేం. కానీ అది తనంతట తాను పంటికి అంటుకోదు. జారిపోకుండా ఉండడానికి లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గుంట కావాలి, దానికోసం ఆరోగ్యమైన పన్నునూ కోయాలి. పన్నును అరగదీస్తారని మొదటి వాక్యంలో వాపోయిన సందేశం ఈ కోత సంగతి ఎత్తదు. పైగా వెండి ఫిల్లింగ్ బరువులో సుమారు సగం పాదరసమే. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాల్లో తప్ప, దాని వాడకాన్ని ఆపేసింది.

రూట్ కెనాల్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. లోపలి నరం చచ్చినప్పుడో, తిరిగి కోలుకోలేనంతగా వాచినప్పుడో అది అవసరమవుతుంది. బతికున్న పంటికి మత్తు ఇచ్చి, నీటిధారతో చల్లబరుస్తూ చెక్కి క్యాప్ వేయడం మామూలు పనే. దెబ్బ తగిలి నల్లబడిన పంటికి రూట్ కెనాల్ అయ్యాక కూడా క్యాప్ తప్పనిసరి కాదు. మిగిలిన పన్ను గట్టిగా ఉంటే లోపలినుంచే బ్లీచింగ్ చేసి రంగు తేవచ్చు.

పింగాణీ వేశాక పుచ్చు భయం ఉండదన్న చివరి మాటే అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే మిగిలినవి జనాన్ని చికిత్సకు దూరం చేస్తే ఇది చికిత్స చేయించుకున్నవాళ్ళను ఏమరుపాటులో పడేస్తుంది. పింగాణీ పుచ్చదు గానీ దాని కింద ఉన్నది పన్నే. క్యాప్ అంచు చిగురును తాకేచోట, వెంట్రుక మందం ఖాళీ ఉన్నా చాలు, అక్కడ పాచి పేరుకుని పుచ్చు మొదలవుతుంది. నరం తీసేసిన పన్నైతే నొప్పి కూడా తెలియదు కనుక, పైకి మెరుస్తున్న క్యాప్ ఒకరోజు లోపలి మొదలుతో సహా చేతిలోకి ఊడివచ్చేదాకా విషయం బయటపడకపోవచ్చు.