మేడ మీద సప్త గోదావరి

ఇది జరిగి నాలుగు రోజులైంది. నా తోలు చెప్పులు ఇంకా ఆరలేదు, అందుకేనేమో కోపమూ ఆరలేదు.

రాజమండ్రికి బదిలీ అయింది. ఆషాఢం వచ్చేలోగా ఇంట్లో చేరాలి, శూన్యమాసంలో పాలు పొంగించడానికి మా అత్తగారు ససేమిరా ఒప్పుకోరు. పది ఇళ్లు చూశాను, పదీ కుదరలేదు. ఒకాయన అయితే 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయని ఇప్పుడే అద్దె రెండు వేలు పెంచి కూర్చున్నాడు. పుష్కరాలు పన్నెండు రోజులు, అద్దె ఏడాది పొడవునా. పైగా స్నానాలకు వచ్చే చుట్టాలంతా దిగేది నా నెత్తి మీదే కదా, తగ్గించవలసింది పోయి పెంచడం ఏమిటని అడిగితే తలుపు వేసుకున్నాడు.

పదకొండోది దానవాయిపేటలో. కింద ఓనరు గారు, పైన రెండు పడకగదుల వాటా, నెలకు 14,000. చేజారిపోతుందని బ్రోకరు తొందరపెడితే చూడకుండానే 5,000 టోకెను ఇచ్చేశాను. బ్రోకరు కమీషను ఒక నెల అద్దె. అంత డబ్బుకూ అతను చేసిన సేవ ఒకే ఒక్క సలహా: "ముందు నీళ్లు చూసుకోండి సార్, కుళాయిలన్నీ తిప్పి చూడండి." ఆ మాట అనేసి, ఫోను చెవిన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిప్పినవి మళ్లీ కట్టాలని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలా అంటారా? 14,000 తీసుకునేవాడు చెప్పాలి.

తిప్పాను. వంటింట్లో ఒకటి, గిన్నెలు కడిగే వసారాలో ఒకటి, హాల్లో చేతులు కడుక్కునే బేసిన్‌కు ఒకటి, రెండు స్నానాల గదుల్లో రెండేసి. మొత్తం ఏడు. ఒక్కదానిలోనూ చుక్క రాలేదు. ఆఖరిది ముసలాయనలా రెండుసార్లు దగ్గి ఊరుకుంది. సముద్రంలో కలిసేలోగా గోదావరి ఏడు పాయలవుతుందంటారు కదా, ఈ మేడ మీద ఏడు పాయలూ ఎండిపోయాయి అనిపించింది. ఇంత చక్కటి చమత్కారం వృథా పోకూడదని అప్పటికప్పుడు మా ఆవిడకు ఫోను చేసి, చెప్పుకుంటూ, నవ్వుకుంటూ కిందికి దిగాను. ఆ చమత్కారమే కొంప ముంచింది. కొంప నాది కాదు, అదొక్కటే తేడా.

కింద కాఫీ, జంతికలు, వాటి పక్కనే పాత అద్దెదారు అగ్రిమెంటు జిరాక్సు. "పేరు మార్చుకుంటే చాలు బాబూ" అన్నారు ఓనరు గారు. పదకొండు నెలలకే రాసుకోవాలట. రసీదు మాత్రం నెలకు 8,300కే ఇస్తారట. ఏడాది అద్దె లక్ష దాటితే పన్ను మినహాయింపు ఇవ్వడానికి మా ఆఫీసులో ఆయన పాన్ నంబరు అడుగుతారు, ఆ నంబరు ఆయన ఎవరికీ ఇవ్వరు. అన్నిటికీ తల ఊపి, చివర్లో మెల్లగా, "పైన నీళ్లు రావడం లేదండి" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "గోదావరి ఒడ్డున కూర్చుని నీళ్ల గురించి అడుగుతున్నారా?"

లేచి, మోటారు స్విచ్చి వేసి వచ్చి, ఆనకట్ట కథ మొదలుపెట్టారు. ఈ ప్రాంతంలో నీళ్ల మాట ఎత్తితే కాటన్ దొర రాక తప్పదు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది, అంతకుముందు ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. ఆ ఆనకట్టది ఒక గోడ కాదు, నాలుగు. ఆయన వాటిని ఒక్కొక్కటిగా, జంతిక విరిచినంత నెమ్మదిగా చెప్పుకొస్తున్నారు. ధవళేశ్వరం అయింది. ర్యాలి అయింది. మద్దూరు దగ్గరికి వచ్చేసరికి అగ్రిమెంటులో 'పదకొండు' అన్న మాట మీద టప్పున ఒక చుక్క పడింది.

ఇద్దరం దాన్ని చూశాం. ఆయన తుడిచారు. ఇంకొకటి పడింది. తల ఎత్తితే, ఫ్యాను కొక్కెం దగ్గర నీళ్లు గుమిగూడి, కడ్డీ మీదుగా దిగి, తిరుగుతున్న రెక్కల మీద పడుతున్నాయి. రెక్కలు ఆ నీటిని ఎవరికీ అన్యాయం జరగకుండా పంచుతున్నాయి. సోఫాకు, టీవీకి, గోడ మీది వెంకటేశ్వరస్వామికి, జంతికల పళ్లేనికి, నా చొక్కాకు, ఆయన బట్టతలకు. పురోహితుడు మావిడాకుతో పుణ్యాహవాచనం నీళ్లు చల్లుతాడు చూడండి, అచ్చం అలాగే, కాకపోతే ఐదో నంబరు స్పీడులో.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఏడూ కళ్ల ముందు మెదిలాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నేను కూడా ఆయనతో పాటు పైకప్పు వంక ఆశ్చర్యంగా చూస్తూ, "శ్లాబు పాతదాండీ?" అని అడిగాను.

"ఏవండీ, మెట్ల మీద నుంచి నీళ్లు వస్తున్నాయి!" అని లోపలి నుంచి ఆవిడ కేక.

పైకి పరుగెత్తాం. బొద్దింకలు రాకుండా నీళ్లు పోయే కన్నాలన్నిటికీ పాత గుడ్డలు కుక్కింది ఓనరు గారే. ఈ ముక్క ఎవరూ గుర్తు పెట్టుకోరు, కుళాయిలు తిప్పినవాడినే గుర్తు పెట్టుకుంటారు. చీలమండ లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కటే కట్టేశాను. ధార మాత్రం, అబద్ధం చెప్పకూడదు, బ్రహ్మాండంగా ఉంది.

టోకెనులో 3,600 తిరిగి వచ్చాయి. శుభ్రం చేయించినందుకు 700, ఫ్యానుకు 200, మోటారు కరెంటుకు 500 పట్టుకున్నారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. కానీ ఒక హార్స్ పవర్ మోటారు అంటే 746 వాట్లు. అది అరగంట తిరిగితే అర యూనిట్ కూడా కాలదు. ఆయన లెక్కన యూనిట్ 1,300 రూపాయలు దాటింది. ఇదంతా గుణించి, భాగించి, కాగితం ఫోటో తీసి ఆయన ఫోనుకు పంపాను. నీలం టిక్కులు రెండూ పడ్డాయి. ఇప్పటివరకూ జవాబు లేదు.