కడుపు పహాణీ

కడుపుల మంట, పుల్లటి తేన్పులు, తిన్న గంటకే ఉబ్బరం. ఈ మూడింటిని వెంటబెట్టుకొని హన్మకొండలో ఓ డాక్టరు దగ్గరికి పోతే, రెండు వారాలు బుక్కు రాసుకొని రమ్మన్నాడు. ఏం తిన్నావు, ఎన్ని గంటలకు, ఎంతసేపటికి నొప్పి లేసింది, మోషన్ ఎట్లయింది, నిద్ర పట్టిందా, టెన్షన్ ఏమన్నా ఉందా. ఫీజు తీసుకొని హోంవర్కు ఇచ్చే వైద్యుణ్ని చూడటం నాకదే మొదలు.

అయినా రికార్డులు మనకు కొత్తా? భూమి ఎవరిది, దున్నేదెవరు అని పహాణీలో రాయించుకోవడానికి పట్వారీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన తాతల మనవళ్లం. నోటుబుక్కులో గీతలు కొట్టి కడుపు పహాణీ తెరిచాను. పట్టాదారు గడిలో నా పేరు రాశాను. కాస్తు గడి, అంటే సాగు చేసేదెవరన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్లుగా లోపల కబ్జా చేసి, పొద్దూమాపూ సాగు చేసుకుంటున్నది గ్యాసు. దాని పేరే రాశాను.

మన దిక్కు గ్యాసుకు లేని శాఖ లేదు. తలనొప్పి, నడుం నొప్పి, అల్లుడి మీద కోపం, అన్నీ దాని కిందికే వస్తాయి. ఛాతీల నొప్పొచ్చినా "గ్యాసే తియ్" అని సోడా తాగి పడుకునే ధైర్యవంతులు మా గల్లీలోనే నలుగురున్నారు.

మోషన్ గడిలో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వెయ్యాలి. ఇంగ్లండులోని బ్రిస్టల్ వాళ్ల పట్టిక, 1997లో అచ్చయింది. ఒకటంటే మేక పెంటికలు, ఏడంటే ఉత్త నీళ్లు, మూడూ నాలుగూ మర్యాదస్తులవి. మా అవ్వ ఏ బ్రిస్టలూ చూడకుండానే ఈ పట్టికంతా వాకిట్లో నిలబడి వాడకు వినబడేట్టు చదివేది. నాకు నాలుగు వచ్చిన నాడు పదో తరగతి పాసైనంత సంబురమైంది. చెప్పుకుందామంటే వినేటోడే దొరకలేదు.

అసలు చిక్కు తిండి గడిది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవట. పెద్దపేగులోకి జారి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులిసి గ్యాసవుతాయట. అంటే పొద్దున తిన్నదానికి రాత్రి శిక్ష పడొచ్చు. ఈ వెసులుబాటు దొరికాక నేరం ఎవరి మీదైనా వెయ్యవచ్చని అర్థమైంది. గిన్నప్ప (సర్వపిండి) మీద వెయ్యబుద్ధి కాలేదు, చిన్నప్పటి స్నేహం. అత్తగారింట్ల తిన్న పప్పు మీద వేశాను.

మిర్చినైతే మొదటి రోజే నిర్దోషిగా వదిలేశాను. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. డాక్టరు బోర్డు మీదా జీఐ అనే ఉంది, అక్కడ దానర్థం కడుపూ పేగులూ అయితే ఏంది. ఇద్దరూ ఒకే శాఖవాళ్లయినప్పుడు ఒకరి మీద ఇంకొకరికి ఫిర్యాదు ఏం చేస్తాం? పైగా చపాటాకు రంగే ఎక్కువ, కారం తక్కువ. మా ఇంట్లో దంచింది మంట పుట్టించే తేజ రకమన్న సంగతి పహాణీకి అనవసరం.

పద్నాలుగు రోజులయ్యాక బుక్కు పట్టుకొని పోయాను. మోషన్ నల్లగా గానీ నెత్తురుతో గానీ పడిందా, బరువు తగ్గావా అని ముందే అడిగాడు. లేదన్నాను. అవి ఉంటే బుక్కు నిండేదాకా ఆగొద్దు, వెంటనే రావాలన్నాడు. తర్వాత పేజీలు లెక్కపెట్టాడు. పన్నెండే ఉన్నాయి.

"ఆదివారాలు ఏవి?"

"సెలవు కదా సార్."

పక్కన నా భార్య ఊకుంటదా? "ఏందయ్యా, అరకిలో మటను, బోటి, మీ దోస్తు తెచ్చిన కల్లు, పన్నెండు గంటల రాత్రి తిని అట్లనే ఒరిగినవ్ గద! ఆ మిర్చి బజ్జీలు ఏ పేజీల ఉన్నయ్?" అంటూ సంచిలోంచి కిరాణా లెక్కల పుస్తకం తీసింది. తేదీలు, తూకాలు, రూపాయలతో సహా ఉన్నాయి. డాక్టరు నా బుక్కు పక్కకు జరిపి అదే చదువుతూ కూర్చున్నాడు.

ఇంకో రెండు వారాలు రాయమన్నాడు. పెన్ను ఆమె చేతికిచ్చాడు. పట్టా ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.