స్వరాజ్ మైదానం: అడగని ప్రశ్న

విజయవాడ బందరు రోడ్డు మీది స్వరాజ్ మైదానాన్ని ఊరివాళ్లు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే పిలుస్తారు. అక్కడ సిటీ స్క్వేర్ కట్టాలని ఒక ప్రభుత్వం తలపెట్టింది. తర్వాతి ప్రభుత్వం 2020 జులైలో శంకుస్థాపన చేసి, 81 అడుగుల పీఠంపై 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహంతో స్మృతివనాన్ని నిర్మించి, 2024 జనవరి 19న ప్రారంభించింది. పార్టీ మారింది, నమూనా మారింది. నిర్ణయం మాత్రం రెండుసార్లూ పైనుంచే దిగింది.

రెండు ప్రతిపాదనలకూ మూలం ఒకే అపోహ: మైదానం ఖాళీగా ఉందన్నది. జనవరి సాయంత్రాల్లో పుస్తక మహోత్సవానికి వెళ్లినవారికి ఆ ఖాళీ ఎంత నిండుగా ఉండేదో తెలుసు. కాళ్లకు దుమ్ము అంటుకుంటున్నా, బొమ్మల పుస్తకాల దగ్గర పిల్లలు కదలనంటున్నా, చేతిసంచి బరువెక్కి భుజం లాగుతున్నా, ఇంకొక్క వరుస చూసి వెళదామనిపించేది. రైతుబజారుకు వచ్చేవారికి అదే నేల కూరగాయల సంత; సభలు పెట్టుకునేవారికి అదే వేదిక. ఒకే నేల ఇన్ని పనులకు ఒదగడమే దాని విలువ, ఆ విలువను ఏ అంచనా పత్రమూ పద్దు కింద చూపదు.

మైదానం ఆలనాపాలనా లేక పడి ఉండేదని, నగరం నడిబొడ్డున అంబేడ్కర్ నిలవడం తరతరాలుగా ఊరి చివరకు నెట్టబడినవారికి దక్కిన గౌరవమని కొందరంటారు. రెండో మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ఆ గౌరవాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు.

అయితే అంబేడ్కర్ తన పుస్తకాల కోసమే ముంబై దాదర్‌లో రాజగృహం అనే ఇంటిని కట్టించుకున్న మనిషి. ఆయన విగ్రహం వెలసిన నేల మీద పుస్తకాల పండుగ లేకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. 2025లో 35వ పుస్తక మహోత్సవం ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగింది. నమూనా గీసేముందు పాఠకులను, ప్రచురణకర్తలను, కూరగాయలు అమ్ముకునేవారిని, దళితవాడల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి ఉంటే, విగ్రహానికీ దుకాణాల వరుసలకూ చోటు కుదిరే గీత ఒకటి తప్పకుండా దొరికేది.

అలా కూర్చోబెట్టాలన్న నిర్బంధం మన చట్టాల్లో బలహీనంగా ఉండటమే అసలు జబ్బు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పెద్ద గనుల విషయంలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటుంది, భవన నిర్మాణాలను మాత్రం దాని నుంచి మినహాయిస్తుంది. కొండ తవ్వేముందు వినాల్సిన గ్రామస్థుల మాట ఎంత ముఖ్యమో, మైదానం మూసేముందు వినాల్సిన పట్టణవాసుల మాటా అంతే ముఖ్యం కదా! 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని దాని ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం చెబుతోంది. పది లక్షలు దాటిన విజయవాడలో బహిరంగ స్థలం వినియోగం మార్చే ఏ ప్రతిపాదనైనా, టెండరు కంటే ముందు, నమూనాతో సహా అలాంటి కమిటీల ముందుకు రావాలి. అక్కడ వచ్చిన అభ్యంతరాలకు నగరపాలక సంస్థ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ పద్ధతికి స్మృతివనం ఆవరణలోనే శ్రీకారం చుట్టవచ్చు: వచ్చే జనవరిలో పుస్తక మహోత్సవానికి అక్కడ చోటివ్వాలా అన్నది పౌరులను అడగాల్సిన మొదటి ప్రశ్న.